బర్మా యుద్ధం: కూలి తగాదా నుంచి పౌరసత్వపు తగాదా దాకా

1931 జనాభా లెక్కల నాడు రంగూన్ పట్నంలో నాలుగు లక్షల మంది ఉంటే అందులో సగం కంటే ఎక్కువ భారతీయులే. దేశం మొత్తం జనాభా కోటీ నలభై ఆరు లక్షలు కాగా, మనవాళ్లు పది లక్షల పైచిలుకు. రేవులో ఓడలకు బియ్యం బస్తాలు ఎత్తినవాళ్లు, ధాన్యం మిల్లుల్లో పనిచేసినవాళ్లు, రిక్షాలు లాగినవాళ్లు, వీధులూ పాయిఖానాలూ శుభ్రం చేసినవాళ్లు చాలావరకు గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల తెలుగువాళ్లు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద బర్మాలో వాళ్లను కోరంగీలు అనేవారు. ఇక్కడి పల్లెల్లో రంగం పోయాడంటే సముద్రం దాటి కూలికి పోయాడన్నమాట. వాళ్ల చుట్టూ ఇంకెన్నో సమూహాలు ఉండేవి. ఐరావతి డెల్టాలో వరి రైతుకు అప్పులిచ్చే తమిళ చెట్టియార్లు, వర్తకం చేసే గుజరాతీ ముస్లిములు, చైనీయులు, రైల్వేలోనూ తంతి ఆఫీసుల్లోనూ ఆంగ్లో-బర్మన్లు, అరకాన్ తీరంలో బౌద్ధ రఖైన్లూ ముస్లిములూ, కొండల్లో షాన్, కచిన్, చిన్ జాతులు, డెల్టాలోనూ తూర్పు కొండల్లోనూ కరెన్లు, సంఖ్యలో అందరికంటే పెద్దగా బర్మన్లు. అక్కడ చాలాకాలం కొలువు చేసిన ఫర్నివాల్ అనే ఆంగ్లేయుడు ఈ సమాజాన్ని చూసే, పక్కపక్కనే బతుకుతూ బజారులో తప్ప కలవని జనం అని వర్ణించాడు.

రెండో ప్రపంచయుద్ధం ఈ సమాజాన్ని ఏం చేసింది అన్నదానికి సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. కలిసిమెలిసి ఉన్న దేశాన్ని జపాన్ దండయాత్ర ముక్కలు చేసిందన్నది మొదటిది. విభజించి పాలించిన బ్రిటిష్‌వాళ్లు అప్పటికే అంతా విరగ్గొట్టారు, యుద్ధం ఆ పగుళ్లను బయటపెట్టిందంతే అన్నది రెండోది. రెంటిలోనూ కొంత నిజం ఉన్నా, అసలు జరిగిన మార్పు రెంటికీ చిక్కదు. తగాదాలు యుద్ధానికి ముందూ ఉన్నాయి. అయితే అవి కూలి గురించి, భూమి గురించి, వడ్డీ గురించి. అలాంటి తగాదాలో బేరం ఉంటుంది, మధ్యస్థం ఉంటుంది, ఎంతో కొంతకు తెగుతుంది. 1942 నుంచి 1945 దాకా సాగిన యుద్ధం వాటి స్థానంలో వేరే ప్రశ్నలను నిలబెట్టింది. ఎవరు పారిపోయారు, ఎవరు ఎవరి పక్షాన తుపాకి పట్టారు, ఎవరు ఈ నేలకు చెందినవాళ్లు? ఈ ప్రశ్నలకు బేరం లేదు. యుద్ధం ముగిశాక వచ్చిన ప్రభుత్వాలు వీటికి జవాబులను చట్టాల్లోకి ఎక్కించాయి. బర్మాలోని భిన్న సమూహాల మీద ఆ యుద్ధం వేసిన శాశ్వతమైన ముద్ర ఇదేనని నా వాదన.

యుద్ధానికి ముందటి తగాదాల స్వభావం చూడాలంటే 1930 మే నెల రంగూన్ రేవు దగ్గరికి వెళ్లాలి. తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడ సరుకు ఎత్తించే కంపెనీలు వాళ్ల స్థానంలో బర్మన్లను పెట్టుకున్నాయి. రాజీ కుదిరి తెలుగువాళ్లు పనిలోకి తిరిగి రాగానే, పొద్దున్నే వచ్చిన బర్మన్ కూలీలకు పని లేదు పొమ్మన్నాయి. ఆ రోజు మొదలైన కొట్లాట ఊరంతా పాకి, వందకు పైగా ప్రాణాలు పోయాయి. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లే. అంత ఘోరం జరిగాక కూడా తీరిన తీరు గమనించదగ్గది. రేవు పనిలో బర్మన్లకు వాటా పెట్టారు, రాకపోకలు సాగాయి. పల్లెల్లో చెట్టియార్ల సంగతీ ఇలాంటిదే. ప్రపంచ మాంద్యంలో ధాన్యం ధర పడిపోయి రైతులు బాకీ తీర్చలేకపోయారు. దిగువ బర్మాలోని ముఖ్యమైన వరి జిల్లాల్లో 1930లో నూటికి ఆరు వంతులుగా ఉన్న చెట్టియార్ల భూమి, ఆ దశాబ్దం చివరికి నాలుగో వంతుకు చేరింది. రైతుల కోపం న్యాయమైనదే. 1938లో ముస్లిముల మీద జరిగిన దాడులు ఇంకా ప్రమాదకరమైన దారి చూపించాయి. అయినా 1937లో బర్మాను ఇండియా నుంచి విడదీశాక కూడా రెండు ప్రభుత్వాలు కూర్చుని మాట్లాడుకున్నాయి. బాక్‌స్టర్ అనే అధికారి చేత వలసల మీద విచారణ చేయించి, 1941లో వలసల ఒప్పందం రాసుకున్నాయి. ఆ ఒప్పందం మనవాళ్లకు కఠినంగా ఉందని ఇండియాలో గొడవ లేచింది. కఠినమైనదే గాని, అది ఒప్పందమే. ఎంతమంది రావాలి, ఏ షరతుల మీద ఉండాలి అన్నది కాగితం మీద తేల్చుకోదగిన విషయమనే నమ్మకం దాని వెనుక ఉంది.

ఆ కాగితం తడి ఆరకముందే 1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. వీధుల్లో నిలబడి ఆకాశంలోకి చూస్తున్న జనం వేలల్లో చనిపోయారు. రేవు కూలీలు, పారిశుద్ధ్యపు పనివాళ్లు పట్నం వదిలి పరుగు తీశారు. ఓడలు సరుకు దించుకోలేక నిలిచిపోయాయి, శవాలు ఎత్తే దిక్కు లేకపోయింది. ఒక పట్నం ఎవరి చేతుల మీద నడుస్తుందో ఆ వారంలో తేలిపోయింది. ప్రభుత్వానికి కూడా అది తెలుసు గనుకే, ప్రాణభయంతో ఉత్తరానికి నడిచి వెళ్తున్నవాళ్లను ప్రోమ్ దగ్గర ఐరావతి నది దాటనివ్వకుండా ఆపింది. నచ్చజెప్పి కొందరిని వెనక్కి తెచ్చింది. ఓడల్లో డెక్కు టికెట్టు మీద కూలి మగవాళ్లు వెళ్లకుండా ఆంక్షలు పెట్టింది. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ వశమయ్యేలోగా సుమారు 70 వేల మంది ఓడల్లో బయటపడ్డారు. మిగిలినవాళ్లకు నడకే గతి అయింది. టౌంగప్ కనుమ దాటి అక్యాబ్ మీదుగా చిట్టగాంగ్‌కు కొందరు, తమూ మీదుగా మణిపూర్‌కు ఎక్కువమంది, అన్నిటికంటే భయంకరమైన హుకాంగ్ లోయ గుండా అస్సాంలోని లేడోకు చివరివాళ్లు వెళ్లారు. వానాకాలం మొదలయ్యేసరికి ఆ దారులు బురద, కలరా, మలేరియా, ఆకలి అయ్యాయి. దాదాపు ఐదు లక్షల మంది భారతీయులు దేశం విడిచారు. దారిలో రాలిపోయినవాళ్ల సంఖ్య తక్కువ అంచనాల్లో పదివేలు, ఎక్కువ అంచనాల్లో యాభై వేలు దాటుతుంది. అంచనాల మధ్య ఇంత తేడా ఉండటమే, వాళ్లను లెక్కపెట్టేవాళ్లు లేరనడానికి సాక్ష్యం.

ఈ నడకలో కూడా రంగు చూసే దారి ఇచ్చారని, యూరోపియన్లకూ ఆంగ్లో-బర్మన్లకూ మెరుగైన ఏర్పాట్లు జరిగాయని ఇండియాలో తీవ్రమైన నిరసన రేగింది. గాంధీ దీన్ని ప్రస్తావించాడు. వైస్రాయి కౌన్సిల్‌లో విదేశీ భారతీయుల వ్యవహారాలు చూసే ఎం.ఎస్. ఆణే సరిహద్దు శిబిరాలకు వెళ్లి చూశాడు. మన తీరానికీ యుద్ధం చేరింది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. కూలీలు ఏ రేవుల నుంచి ఓడ ఎక్కారో ఆ రేవులే ఇప్పుడు యుద్ధరంగం అంచున పడ్డాయి. బర్మా బియ్యం రాక ఆగిపోవడం 1943 బెంగాల్ కరువుకు ఒక కారణమైంది. మద్రాసు రాష్ట్రంలోనూ తిండిగింజల కటకట ఏర్పడింది. ఇవన్నీ మనకు తెలిసిన కష్టాలు. మనం అంతగా పట్టించుకోనిది, ఈ వలసను అక్కడ మిగిలినవాళ్లు ఎలా చదువుకున్నారన్నది. మొన్నటిదాకా భారతీయుడంటే తక్కువ కూలికి పనిచేసి తమ కూలి పడగొట్టేవాడు. ఇప్పుడు కష్టం రాగానే వెళ్లిపోయేవాడు, వెళ్లడానికి వేరే దేశం ఉన్నవాడు. రెండో తరంలో అక్కడే పుట్టి తెలుగు సరిగా రాని పిల్లల మీద కూడా ఇదే ముద్ర పడింది. ప్రాణం కోసం చేసిన పరుగు, తరువాత వాళ్లు ఆ దేశానికి చెందరనడానికి రుజువుగా మారింది.

భారతీయుల విషయంలో పరుగు చేసిన పనిని కరెన్ల విషయంలో తుపాకి చేసింది. బ్రిటిష్‌వాళ్లు బర్మన్లను నమ్మక సైన్యంలో ఎక్కువగా కరెన్, కచిన్, చిన్ జాతులనే చేర్చుకున్నారు. 1939లో బర్మా సైన్యంలో బర్మన్లు 472 మంది ఉంటే కరెన్లు 1,448 మంది. ఇటు బర్మన్ జాతీయవాద నాయకుడు ఆంగ్ సాన్, అతని సహచరులు జపాన్ దగ్గర శిక్షణ పొంది, 1941 డిసెంబర్‌లో బ్యాంకాక్‌లో బర్మా స్వాతంత్ర్య సైన్యాన్ని నిలబెట్టారు. ఆ సైన్యం జపాన్ వెంట దేశంలోకి వస్తూ వేలల్లో కొత్తవాళ్లను చేర్చుకుంది. ఓడి చెదిరిపోయిన బ్రిటిష్ పటాలాల కరెన్ సిపాయిలు ఇళ్లకు చేరుతుంటే, డెల్టాలో ఆయుధాలు అప్పగించమన్న గొడవ మొదలైంది. అది మ్యాంగ్మ్యా జిల్లాలో మారణకాండగా మారింది. మాజీ మంత్రి సా పె థా అనే కరెన్ నాయకుడిని కుటుంబంతో సహా చంపారు. ప్రతీకారంగా కరెన్లూ బర్మన్ గ్రామాల మీద పడ్డారు. జపాన్ అధికారులు గ్రామాలను తగలబెట్టించి మరింత ఆజ్యం పోశారు. తూర్పు కొండల్లో మేజర్ సీగ్రిమ్ అనే బ్రిటిష్ అధికారి కరెన్లతో కలిసి దొంగపోరు నడిపాడు. తన కోసం జపాన్ సేనలు గ్రామాలను హింసిస్తుంటే 1944లో లొంగిపోయాడు, ఆ ఏడే రంగూన్‌లో అతనికి మరణశిక్ష పడింది. ఉత్తరాన కచిన్లు అమెరికన్లతోనూ బ్రిటిష్‌వాళ్లతోనూ కలిసి జపాన్ సేనలను అడవుల్లో వేధించారు. కరెన్లూ కచిన్లూ ఈ విధేయతకు ప్రతిఫలం ఉంటుందనుకున్నారు. బర్మన్ జాతీయవాదులకు అదే విధేయత, స్వాతంత్ర్యానికి అడ్డం పడిన పరాయి సేవగా కనిపించింది.

అరకాన్‌లో పరుగూ తుపాకీ రెండూ కలిశాయి. 1942 వసంతంలో బ్రిటిష్ పాలన వెనక్కి తగ్గగానే బౌద్ధులకూ ముస్లిములకూ మధ్య ఊచకోతలు జరిగాయి. దక్షిణాన ఉన్న ముస్లిములు ఉత్తరానికీ, ఉత్తరాన ఉన్న బౌద్ధులు దక్షిణానికీ తరలిపోయారు. అంతకుముందు కలగలిసి ఉన్న ఊళ్లు మతం ప్రకారం విడిపోయాయి. ఆ తరువాత మూడేళ్లు బ్రిటిష్, జపాన్ సేనల మధ్య గీత సరిగ్గా ఇక్కడే అటూ ఇటూ జరిగింది. బ్రిటిష్‌వాళ్లు సరిహద్దు గూఢచారి దళాలకు ఉత్తరాది ముస్లిములను ఎన్నుకున్నారు, రఖైన్లలో చాలామంది ఆంగ్ సాన్ పక్షం వైపు ఉన్నారు. నేడు రోహింగ్యాల కథగా ప్రపంచానికి తెలిసినదానికి పాత మూలాలు ఎన్ని ఉన్నా, ఊళ్ల పటం ఈ రూపం తెచ్చుకున్నది ఆ కొద్ది నెలల్లోనే. యుద్ధానికి ముందు ఒకే సంతకు వచ్చినవాళ్ల మధ్య యుద్ధం తరువాత ఒక యుద్ధరేఖ జ్ఞాపకంగా మిగిలింది.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. సమూహాలన్నీ ఏకశిలలైనట్టు, కరెన్లంతా అటు, బర్మన్లంతా ఇటు అన్నట్టు మాట్లాడటం చరిత్రకు అన్యాయం కదా? నిజమే. ఆంగ్ సాన్ స్వయంగా మ్యాంగ్మ్యా గాయం మాన్పడానికి కరెన్లతో మాట్లాడాడు, తన సైన్యంలో కరెన్ పటాలం పెట్టాడు. 1945 మార్చి 27న అతని సైన్యమే జపాన్ మీద తిరగబడింది. భారతీయులూ ఒక్క పక్షాన లేరు. బర్మాను తిరిగి గెలిచిన సేనలో లక్షల మంది భారత సిపాయిలు ఉంటే, 1944 జనవరిలో నేతాజీ తన ప్రధాన స్థావరాన్ని రంగూన్‌కు మార్చాడు. పారిపోకుండా మిగిలిన భారతీయులు నగలూ డబ్బూ ఆజాద్ హింద్ నిధికి ఇచ్చారు, కొడుకులను ఫౌజులోకి పంపారు. ఇంకోవైపు అదే జపాన్, మలయా తోటల నుంచి తమిళ, తెలుగు కూలీలను థాయ్‌లాండ్-బర్మా రైలుమార్గం పనికి తోలింది. 415 కిలోమీటర్ల ఆ పట్టాల కింద చచ్చిన ఆసియా కూలీల సంఖ్య, ఎక్కువగా చెప్పుకునే యుద్ధఖైదీల సంఖ్యకు ఎన్నో రెట్లు. కాబట్టి సమూహాలు ఒక్క తాటి మీద నడవలేదన్నది సత్యం. అయితే ఈ సత్యం నా వాదనను బలపరుస్తుందే గాని కూల్చదు. వ్యక్తులు రకరకాలుగా నడుచుకున్నారు, తీర్పు మాత్రం సమూహానికి వచ్చింది. ఫౌజుకు కొడుకును ఇచ్చిన తల్లిని, కొండదారిలో చనిపోయిన కూలీని, 1941లోనే డబ్బు మద్రాసుకు తరలించుకున్న వడ్డీ వ్యాపారిని ఒకే పద్దులో రాశారు.

ఆ పద్దు చట్టమైన తీరు చూద్దాం. మొదట్లో అది ఉదారంగానే ఉంది. 1947 ఫిబ్రవరి 12న పాంగ్‌లాంగ్‌లో షాన్, కచిన్, చిన్ నాయకులు ఆంగ్ సాన్‌తో ఒప్పందం చేసుకున్నారు. కరెన్లు పరిశీలకులుగా మాత్రమే వచ్చారు. అంతకు ముందటి ఏడాదే తమకు వేరు రాజ్యం కావాలని లండన్ వెళ్లి అడిగి, ఉత్త చేతులతో తిరిగొచ్చినవాళ్లు వాళ్లు. 1947 జూలై 19న హంతకుల తూటాలకు ఆంగ్ సాన్‌తో పాటు బలైనవాళ్లలో అబ్దుల్ రజాక్ అనే ముస్లిం మంత్రి, మాన్ బా ఖైంగ్ అనే కరెన్ మంత్రి, మోంగ్‌పోన్ సంస్థానపు షాన్ రాజు ఉన్నారు. అంటే అందరినీ కలుపుకునే ప్రయత్నం అంత పై స్థాయిలో, అంత నిజంగా జరిగింది. ఆ ఏడు వచ్చిన రాజ్యాంగం, బ్రిటిష్ సామ్రాజ్యంలో పుట్టి బర్మాలో స్థిరపడదలచినవాళ్లకు పౌరసత్వపు తలుపు తెరిచింది. పదేళ్లలో ఎనిమిదేళ్లు బర్మాలో ఉండి ఉండాలన్నది షరతు. ఆ పదేళ్లను స్వాతంత్ర్యానికి ముందు నుంచైనా, 1942 జనవరి 1కి ముందు నుంచైనా లెక్కించవచ్చన్నారు. యుద్ధం వల్ల వెళ్లిపోయినవాళ్లు నష్టపోకూడదన్న విచక్షణ ఆ తేదీలో ఉంది. అయితే అదే 1947లో వచ్చిన వలసల అత్యవసర చట్టం ప్రకారం అనుమతి లేకుండా తిరిగి అడుగుపెట్టే వీల్లేదు. కొండదారిలో సర్వం పోగొట్టుకుని వచ్చిన కూలీ, తాను ఫలానా ఏళ్లలో రంగూన్ రేవులో ఉన్నానని ఏ కాగితం చూపించగలడు? మేస్త్రీ పద్దులో వేలిముద్రగా తప్ప ఎక్కడా లేని మనిషికి రాజ్యాంగం ఇచ్చిన హక్కు చేతికి అందలేదు. 1948 భూమి జాతీయీకరణ చట్టం చెట్టియార్ల పొలాలను తీసేసుకుంది, పరిహారం నామమాత్రం. కరెన్ల సంగతి మరింత వేగంగా చెడింది. స్వతంత్ర బర్మా సేనాధిపతి స్మిత్ డన్ కరెన్ జాతివాడే. అయినా 1948 క్రిస్మస్ వేళ మెర్గీ జిల్లాలో కరెన్ల హత్యలు జరిగాయి. 1949 జనవరి చివర రంగూన్ పక్కనే ఇన్‌సీన్‌లో యుద్ధం మొదలైంది. స్మిత్ డన్‌ను పక్కనపెట్టి నే విన్‌ను సేనాధిపతిని చేశారు. బ్రిటిష్‌వాళ్లు, అమెరికన్లు, జపాన్‌వాళ్లు దేశమంతా చల్లి వెళ్లిన తుపాకులు సిద్ధంగా ఉన్నాయి.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. యుద్ధం రాకపోయినా స్వతంత్ర బర్మా భారతీయులను పంపించి ఉండేదే, వలసపాలన నాటిన విత్తనం ఎలాగైనా మొలిచేదే అంటారు. దీన్ని తేల్చడానికి మలయాను పక్కన పెట్టి చూడాలి. అక్కడా బ్రిటిష్‌వాళ్లే తోటలకు తమిళులనూ తెలుగువాళ్లనూ, గనులకు చైనీయులనూ తెచ్చారు. అక్కడా స్థానికులు మా దేశంలో మేమే తక్కువైపోయామని బాధపడ్డారు. అక్కడా జపాన్ ఆక్రమణ మలయ్‌లకూ చైనీయులకూ మధ్య పగ పెంచింది. అయితే మలయా డెబ్బై రోజుల్లో ఓడిపోయింది. లక్షల మంది నడిచిపోయే దారి లేదు, తిరిగి గెలిచేటప్పుడు పెద్ద యుద్ధం జరగలేదు. 1957లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు భారతీయులు జనాభాలో నూటికి పదకొండు మంది దాకా అక్కడే ఉన్నారు. పౌరసత్వం మీద మూడు జాతుల నాయకులు కఠినంగా బేరమాడుకుని ఒప్పందానికి వచ్చారు. ఆ ఒప్పందం సమానమైనదని ఎవరూ అనరు, కానీ బేరమాడటానికి ఎదుట మనుషులున్నారు. బర్మా రెండుసార్లు పూర్తిగా యుద్ధభూమి అయింది, 1942లో ఒకసారి, 1944-45లో మరోసారి. ప్రతిసారీ ఏదో ఒక జాతి చేతికి ఆయుధం వచ్చింది, ఏదో ఒక జాతి ఇల్లు వదిలింది. వలసపాలన రెండు దేశాలకూ ఉమ్మడి కారణం. ఫలితాల్లో తేడా యుద్ధం నడిచిన తీరులో ఉంది.

1962 మార్చి 2న నే విన్ అధికారం చేజిక్కించుకున్నాక ఈ కథ చివరి మలుపు తిరిగింది. దుకాణాలు, వర్తకసంస్థలు జాతీయం చేశారు, 1964లో పెద్ద నోట్లు రద్దు చేశారు. ఆ దశాబ్దంలో సుమారు మూడు లక్షల మంది భారతీయులు దాదాపు కట్టుబట్టలతో ఓడలెక్కారు. విశాఖలో బర్మా క్యాంప్ లాంటి పేటలు ఆ తిరుగు వలసతో ఏర్పడినవే. నడకదారిన తిరిగి బర్మా చేరాలని ప్రయత్నించి సరిహద్దులో ఆగిపోయినవాళ్లు మణిపూర్‌లోని మోరేలో స్థిరపడ్డారు. 1982 పౌరసత్వ చట్టం 1942 తేదీని పక్కకు నెట్టి, 1823కు ముందే ఆ నేల మీద ఉన్న జాతులకు మాత్రమే పూర్తి పౌరసత్వాన్ని హక్కుగా ఇచ్చింది. 1824లో మొదటి ఆంగ్లో-బర్మా యుద్ధం వచ్చింది గనుక దాని వెనుక గీత గీశారు. బ్రిటిష్ కాలంలో వచ్చినవాళ్లలో చాలామంది ఒక్క దెబ్బతో రెండో మెట్టు పౌరులయ్యారు, రోహింగ్యాలకు ఆ మెట్టూ దక్కలేదు. 2017లో ఏడు లక్షల పైచిలుకు రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కు పారిపోయినప్పుడు వాళ్ల మీద చేసిన ఆరోపణ, డెబ్బై అయిదేళ్ల ముందు తెలుగు కూలీ మీద చేసినదే: మీకు వేరే దేశం ఉంది.

అందుకే మన తెలుగువాళ్ల బర్మా చరిత్రను మన కష్టంగా మాత్రమే చెప్పుకుంటే సగమే తెలుస్తుంది. రంగూన్ రేవు కూలీ, మ్యాంగ్మ్యా కరెన్ రైతు, అరకాన్ ముస్లిం జాలరి ఒకరినొకరు ఎరగకపోవచ్చు, వాళ్ల బతుకులను మార్చిన నిర్ణయం ఒక్కటే. యుద్ధకాలంలో ప్రాణభయంతోనో నమ్మకంతోనో మనుషులు చేసిన పనులను, శాంతికాలంలో జాతుల గుణాలుగా రాసుకోవడమే ఆ నిర్ణయం. యుద్ధనష్టాన్ని లెక్కించేటప్పుడు చరిత్రకారులు సాధారణంగా చనిపోయినవాళ్లనూ కూలిన వంతెనలనూ లెక్కిస్తారు. బర్మా విషయంలో అంతకంటే ఎక్కువకాలం నిలిచిన నష్టం, ఇరుగుపొరుగు మధ్య తగాదాను బేరంతో తీర్చుకోగల అవకాశం పోవడం. కూలి మీద, భూమి మీద జరిగే పోరాటాన్ని ఏ ప్రభుత్వమైనా ఎవరు ఈ నేలవాళ్లు అన్న ప్రశ్నగా మార్చిన రోజున, యుద్ధం లేకుండానే యుద్ధఫలితాలు మొదలవుతాయి. ఆ మార్పును ఎంత తొందరగా గుర్తుపడితే అంత మంచిదని చెప్పడానికి బర్మా కంటే స్పష్టమైన ఉదాహరణ మన పొరుగున ఇంకొకటి లేదు.